సమాధానం: 900 కేలరీలే తింటూ రోజూ గంట పరిగెత్తినా మూడు వారాలుగా 82 కిలోల దగ్గరే, పైగా కళ్లు తిరగడం

కోత, శ్రమ రెండూ ఒకేసారి మితిమీరాయి. కళ్లు తిరగడం బహుశా అందుకే. ముల్లు కదలకపోవడానికి ఎక్కువగా ఒంట్లో నిలిచిన నీరు కారణం, కొవ్వు కరగడం ఆగి కాదు.

1. తిండి 1,500–1,600 కేలరీలకు పెంచండి. ప్రొటీన్ 100 గ్రాముల దాకా: గుడ్లు, చికెన్, పెరుగు, మీల్ మేకర్. పప్పు ఒక్కదానితో అంత రాదు.

2. పరుగు ఆపి 40 నిమిషాల వేగపు నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసి రాసుకోండి. వారం సగటు తీయండి. ఒక్కరోజు అంకె చూసి ఏదీ మార్చొద్దు: ఆవకాయన్నం తిన్న మర్నాడు కిలో పెరగడం మామూలే, అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. రెండు వారాల తర్వాత సగటును సగటుతోనే పోల్చండి.

4. వారానికి 400–800 గ్రాములు తగ్గుతుంటే అలాగే కొనసాగించండి. తక్కువైతే 150–200 కేలరీలు కోయండి. నాలుగు టీస్పూన్ల నూనె దాదాపు అంతే. ఎక్కువైతే తిండి పెంచండి.

షుగర్, బీపీ మందులు వాడుతుంటే, లేదా తిండి పెంచాక కూడా కళ్లు తిరుగుతుంటే ముందు డాక్టర్‌ని కలవండి.