పాత బీఎండబ్ల్యూ కొనబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు 2013 మోడల్ బీఎండబ్ల్యూ 520డి డీజిల్ కారు చూసి వచ్చావని, అడ్వాన్స్ ఇవ్వడమే తరువాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పట్నుంచి ఒకపక్క గర్వం, ఒకపక్క టెన్షన్. సొంత సంపాదనతో అలాంటి బండి కొంటున్న ఆడపిల్ల మన ఇంట్లో నువ్వే మొదలు. కానీ మీ మామయ్య గ్యారేజీలో ఏళ్ల తరబడి బిల్లులు రాసినదాన్ని. ఏ బండి ఎవరిని ఎంత ఏడిపించిందో ఆ పుస్తకాల్లో చూశాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆర్‌సీ, లోన్, చలాన్లు ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకో. బండి ఢిల్లీ నుంచి వచ్చిందైతే మాత్రం జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక చవగ్గా అమ్మేస్తుంటే అవి ఇటు వచ్చాయి. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఇచ్చే ఎన్‌ఓసీ కాగితం తిప్పలు, ఇక్కడి రోడ్డు ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ చవక పెద్దగా మిగలదు.

కొత్తలో అరకోటి దగ్గర పలికిన బండి 12 లక్షలకు వస్తోందని నీకు సంబరం. పార్టులకి మాత్రం ఇవాళ్టికీ అరకోటి బండి ధరే. అందుకే 12 లక్షలు కాక ఇంకో మూడు లక్షలు బ్యాంకులో ఉంటేనే కొను. ఈఎంఐ మీద బండి, రిపేరుకి క్రెడిట్ కార్డు అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఈ మాట దగ్గర నీతో గొడవ పడటానికైనా సిద్ధం.

ఆ కాలం 520డిలో ఎక్కువగా వచ్చింది ఎన్47 ఇంజన్. వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే గొలుసుని టైమింగ్ చైన్ అంటారు. దీనిలో అది ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ అరిగితే మార్చడానికి గేర్‌బాక్సో, ఇంజనో కిందికి దించాల్సిందే. కూలీ, పార్టులు కలిపి రెండు లక్షలకి అటూ ఇటూ అవుతుంది. తెగిందా, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజనే పోతుంది. తొలి ఏళ్ల ఇంజన్లలో ఈ గొడవ ఎక్కువ, తర్వాత మార్పులు చేశారు, అయినా వదిలేయకు. పొద్దున్నే వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లని ఇంజన్ స్టార్టయిన మొదటి క్షణాల్లో వెనక వైపు నుంచి గరగరమని ఇనుము రాసుకున్నట్టు వినిపిస్తే ఆ బండి నీకొద్దు.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేవాళ్లు అంటారు. నమ్మకు. ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టర్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. మార్చిన బిల్లు చూపించలేకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమను. చెన్నై వేడికి కూలెంట్ ట్యాంకు, పైపుల ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. చిన్న పగులే, కానీ నీళ్లు కారిపోయి ఇంజన్ కాగిపోయాక దాని పైభాగం, అంటే హెడ్, వంగితే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. టెంపరేచర్ వార్నింగ్ వచ్చిందా, ఎంత ట్రాఫిక్‌లో ఉన్నా పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. పంక్చరైనా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు కాబట్టి స్టెప్నీ ఉండకపోవచ్చని కూడా గుర్తుపెట్టుకో.

ఇక నా అసలు భయం చెప్తాను. 2016లో మీ నాన్న కొన్న తెల్ల కారు గుర్తుందా? నువ్వు హాస్టల్లో ఉన్నావు. అది ఎందుకు పోయిందో నీకెవరూ సరిగా చెప్పలేదు.

2015 డిసెంబరు వరద వెళ్లిన కొన్ని నెలలకే కొన్నాడు. అదీ జర్మన్ సెడానే. మార్కెట్ కంటే మూడు లక్షలు తక్కువ. ‘ఓనరు అమెరికా వెళ్లిపోతున్నాడక్కా, అందుకే తొందర’ అన్నాడు. ఒక్కరోజు గ్యారేజీలో వదలమని మామయ్య అంటే, ఆలోపు ఇంకెవరో ఎగరేసుకుపోతారని డబ్బు కట్టేశాడు. లోపల కొత్త కార్పెట్, కొత్త సీటు కవర్లు, గుప్పున సెంటు వాసన. పాత బండికి కొత్త కార్పెట్ ఎందుకు వేశారని వాడు అడగలేదు.

ఎండాకాలమంతా బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. తర్వాత కిటికీ అద్దాలు వాటంతటవే దిగడం మొదలైంది. ఒక రాత్రి గిండీ దగ్గర గేర్ పడక నడిరోడ్డు మీద ఆగిపోయింది. మీ అమ్మ కూడా బండిలో ఉంది. వెనక నుంచి లారీలు హారన్ కొడుతుంటే, ఆ వానలో ఇద్దరూ దిగి పక్కకి నెట్టారు. మామయ్య సీట్లు విప్పి చూస్తే కార్పెట్ కింద ఫోమ్‌లో ఎండిన బురద, కనెక్టర్ల పిన్నులన్నీ పచ్చబడి ఉన్నాయి. ఇలాంటి కార్లలో కంప్యూటర్ బాక్సులు కొన్ని సీట్ల కింద, డిక్కీలో ఉంటాయి. నీళ్లు మోకాలి దాకా వచ్చినా చాలు. ఒకటి మారిస్తే నెలకి ఇంకోటి. కొత్త బాక్సు తెచ్చి పెట్టినా ఆ బండికి సరిపడేలా కంప్యూటర్‌తో కోడింగ్ చేయించాలి. కొన్న ధరలో సగం దానికే పోశాడు.

చివరికి ఒకతను మంచి ధరకే అడిగాడు. మీ నాన్న వరద బండి అని చెప్పేశాడు. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. బండిని పాత విడిభాగాల బజారు పుదుపేటలో విడిభాగాల కింద ఇచ్చేశాడు. డబ్బు పోయినా ఇంకొకరి పిల్లల్ని ఆ కారు ఎక్కించలేదమ్మా మా తమ్ముడు. ఇప్పుడు నీ విషయంలో వాడు నోరు మెదపకపోవడం కోపం వల్ల అనుకోకు. వద్దంటే నీ ఉత్సాహం చెడుతుందని, సరే అంటే భయమని. నువ్వే పక్కన కూర్చుని అడుగు.

నువ్వు చూసిన బండి కూడా వరదలో మునిగిందేమో తెలియాలంటే సీటు బెల్టులు చివరిదాకా లాగి చూడు, ఎప్పుడూ బయటికి రాని ఆ కొసన బురద గీత దాక్కుంటుంది. సీటు పట్టాల మీద తుప్పు, డిక్కీలో బ్యాటరీ చుట్టూ మట్టి చూడు. బండిని గంటసేపు ఎండలో మూసి పెట్టి తలుపు తెరిచి వాసన పీల్చు. ఇన్సూరెన్స్ క్లెయిములు చెన్నైకి వరదలొచ్చిన 2015 డిసెంబరు, 2023 డిసెంబరు నెలల్లో ఉన్నాయేమో అడుగు.

కొన్నాక కూడా మీ వేలచ్చేరి అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ నేల కిందే కదా. 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే అక్కడివాళ్లు చాలామంది కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నారు. నువ్వూ అలాగే చెయ్, సిగ్గుపడకు. ఇన్సూరెన్స్‌లో, నీళ్లవల్ల ఇంజన్ పాడైతే ఆదుకునే ఇంజన్ ప్రొటెక్ట్ తప్పకుండా తీసుకో. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకు.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వకు. ఈ ఆదివారం పొద్దున ఆరింటికల్లా వచ్చి నన్ను ఎక్కించుకో. మామయ్య దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు బండి లోపాలు చూపించే స్కానర్ పట్టుకుని వస్తాడు, వాడితో మాట్లాడేశాను. ఓనర్‌కి మాత్రం ఇంజన్ స్టార్ట్ చేయొద్దని శనివారమే ఫోన్ చేసి చెప్పు.

మీ అత్త