యూరియా ఎంత అని కాదు, తినే కోడెలెన్ని అని అడుగు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. బ్రెజిల్‌లో కాంపో గ్రాండే దగ్గర ఫజెండాలో, అంటే పశువుల ఫారంలో, చేరావని తెలిసి చాలా సంతోషం. ఈ వానాకాలం గడ్డికి యూరియా వేయమని ఓనరు అంటున్నాడు, హెక్టారుకి ఎంత వేయాలి బాబాయ్ అని అడిగావు. ఆ మాటో గ్రోసో డో సుల్ రాష్ట్రం నేలల్లో పన్నెండేళ్ళు తిరిగినవాడిగా చెప్తున్నా, ఎంత అన్నది తర్వాత చూద్దాం, పెరిగిన గడ్డిని తినడానికి పశువులున్నాయా?

ఎరువు వేస్తే ఒక్కో కోడె బరువు బాగా పెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. కాస్త పెరుగుతుంది, అంతే. అసలు లాభం ఏంటంటే, ఒకటి మేసే చోట రెండు, ఒక్కోసారి మూడు మేస్తాయి, హెక్టారుకి వచ్చే మాంసం అలా పెరుగుతుంది. నేను మొదటి ఏడాది ఇది తెలియక నలభై హెక్టార్ల మరండు గడ్డికి ఎరువు వేయించి, మందని మాత్రం ముందున్నంతే ఉంచాను. జనవరికల్లా గడ్డి నడుం ఎత్తు లేచి కాడ ముదిరిపోయింది, కోడెలు పై ఆకు కొరికి మిగతాదంతా తొక్కేశాయి. పెట్టిన డబ్బంతా వాటి కాళ్ళ కింద పోయింది. అక్కడ 450 కిలోల పశువు బరువుని ఒక యూనిట్ అంటారు కదా, నువ్వు కూడా తలలు కాదు, బరువు లెక్కపెట్టుకో.

మరండు 25 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నప్పుడు మందని వదులు, 15 దగ్గర తీసేయ్. మొంబాసా గడ్డి అయితే 90 దగ్గర వదిలి, సగానికి రాగానే తీయాలి. స్కేలు పట్టుకుని మడి మడికీ తిరుగు. ఎరువు పడిన గడ్డి తొందరగా లేస్తుంది, క్యాలెండర్ చూసి మందని మారిస్తే కుదరదు.

యూరియా కంటే ముందు మట్టి పరీక్ష. సెరాడో, అంటే అక్కడి పచ్చిక మైదానాల ఎర్రమట్టి, పుల్లటి నేల, అల్యూమినియం ఎక్కువ, భాస్వరం బాగా తక్కువ, పైగా మనం వేసిన భాస్వరాన్ని కూడా ఆ మట్టి పట్టేసుకుంటుంది. సున్నం, భాస్వరం సరిచేయకుండా నత్రజని వేస్తే దండగే.

ఇక యూరియా. దఫాకి హెక్టారుకి 110 కిలోలు, అంటే సుమారు 50 కిలోల నత్రజని. మొదటి ఏడాది రెండు దఫాలు చాలు, అదీ మంచి మడుల్లోనే, ఫజెండా మొత్తానికి వద్దు. అక్టోబరులో తొలి జల్లు పడగానే తొందరపడకు, వానలు నిలకడగా పడనీ. నేల తడిగా ఉండి, మళ్ళీ వాన వచ్చేలా ఉన్నప్పుడు చల్లు. ఎండకి పైపైనే పడి ఉంటే అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుంది, ఆ ఘాటు వాసన వచ్చిందంటే నీ డబ్బు పోతున్నట్టే. బస్తాలు మాత్రం మందకి అందని చోట పెట్టు, చిరిగిన బస్తా నాకి పశువులు చచ్చిపోతాయి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది మే నుంచి సెప్టెంబరు దాకా వానలు సరిగా పడని కాలం. అప్పుడు ఎరువు వేసినా గడ్డి లేవదు, వానాకాలంలో పెంచుకున్న మంద మాత్రం అలాగే ఉంటుంది. అందుకే బరువెక్కిన కోడెల్ని ఏప్రిల్ లోపే అమ్మాలి, లేదా ముందే సైలేజీ (పాతర గడ్డి) వేసుకోవాలి. ఏది చేస్తారో ఓనరు చెప్పేదాకా ఒక్క బస్తా కూడా కొనకు. ఎండిన గడ్డిలో ప్రోటీన్ 7 శాతం కిందికి పడిపోతే పశువు మేత తినడమే తగ్గిస్తుంది, అప్పటికి ప్రోటీన్ కలిపిన ఉప్పు సిద్ధంగా ఉండాలి.

మన ఒంగోలు జాతి నుంచే వచ్చిన ఆ తెల్లటి నెలోర్ మందని చూస్తే నీకు మన ఊరే గుర్తొస్తుంది. 1960ల్లో ఇక్కడి నుంచి వెళ్ళిన ఎద్దుల్లో ఒకదాన్ని అక్కడివాళ్ళు మన ఒంగోలు దగ్గరి కరవది పేరుతోనే ఇప్పటికీ చెప్పుకుంటారు. వాటిని ఆకలికి వదలకు నాన్నా.

మట్టి రిపోర్టు రాగానే ఫొటో పంపు. ఏ మడిలో ఎన్ని ఉన్నాయో, సగటు బరువెంతో కూడా రాయి, కూర్చుని లెక్క వేద్దాం.

బాబాయ్