పొడుగు ఆడవాళ్లు ఎంత బరువుండాలి?

మీ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 68 కిలోలు. భీమవరంలో మీ అత్తగారింట్లో అందరూ లావంటున్నారు, తగ్గాలా అని కదా అడిగారు? అక్కర్లేదండీ. 5 అడుగుల మనిషికి 68 కిలోలు బాగా ఎక్కువే. మీకు కాదు.

లెక్క చూడండి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. దాన్నే బీఎంఐ అంటారు. 68ని 1.75తో రెండుసార్లు భాగిస్తే 22 చిల్లర వస్తుంది. 18.5 నుంచి 25 లోపు మామూలు అంటారు గానీ, మనవాళ్లకి పొట్ట దగ్గర కొవ్వు, షుగరు తొందరగా వస్తాయి కాబట్టి 23 దాటగానే జాగ్రత్త పడమంటారు. ఆ ప్రకారం మీ ఎత్తుకి 57 నుంచి 70 కిలోల దాకా పరవాలేదు. పైగా ఈ లెక్క పొడుగువాళ్లని ఉన్నదానికంటే కాస్త లావుగానే చూపిస్తుంది.

నన్నడిగితే కాటా కంటే టైలర్ టేపు నయం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలాక కొలవండి. 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే, బరువు సరిపోయినా మూడు పూటలా అన్నమే తినే అలవాటు తగ్గించి, సాయంత్రం కాలవగట్టు మీద నడవాలి. మా పిన్నిది 60 కిలోలే, నడుము మాత్రం 36 అంగుళాలు, షుగరు ఉంది! గర్భంతో ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు.