ప్లగ్ తీసినా సరే, మీటర్ పెట్టి చూడు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కుషాయిగూడలో షట్టర్ అద్దెకి తీసుకున్నావట, ఇన్వర్టర్ ఏసీల బోర్డులు రిపేర్ చేస్తావట. "అక్కా, దీనికి అచ్చం నీ పిచ్చే పట్టింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వింతగా చూసే రోజుల్లో టీవీల టెస్టింగ్ బెంచి మీద పదిహేనేళ్లు పనిచేశాను. ఆ పని మన ఇంట్లో ఇంకొకరు చేస్తారని ఎప్పుడూ అనుకోలేదు. ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది.

డిప్లొమాలో చెప్పినవి మళ్లీ చెప్పను. రెసిస్టర్‌లో వోల్టేజ్ ఎంత పెరిగితే కరెంట్ అంత పెరుగుతుంది. డయోడ్ ఒకవైపే దారి ఇస్తుంది, దానికి 0.7 వోల్టు దాకా తీసుకుంటుంది. మీటర్ వైరు ఆంప్స్ సాకెట్‌లో ఉంచి వోల్టేజ్ చూడకు. ఇవన్నీ నీకు తెలుసు.

నా భయమంతా కెపాసిటర్ గురించే.

గోడ ప్లగ్‌లో 230 వోల్టులు అంటాం కానీ ఆ వోల్టేజ్ ఎగసినప్పుడల్లా 325 దాకా వెళ్తుంది. కరెంట్‌ని ఒకేవైపు నడిపించే నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటాక పెద్ద కెపాసిటర్ ఆ 325నే పట్టుకుని కూర్చుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు కరెంట్‌ని గబగబా తాగుతుంది, నిండేకొద్దీ తగ్గిస్తుంది, నిండాక ఇక అక్కర్లేదంటుంది. కానీ దానిలోని వోల్టేజ్ ఒక్క క్షణంలో పెరగదు, ఒక్క క్షణంలో పోదు. నువ్వు ప్లగ్ పీకేసినా, దిగిపోవడానికి ఎవరో ఒకరు దారి చూపించే దాకా అలాగే ఉంటుంది.

మీ నాన్న కుడి చేతి మణికట్టు మీద తెల్లటి మచ్చ చూశావు కదా? చిన్నప్పుడు నువ్వు అడిగితే వంటింట్లో కాలిందని చెప్పాం. వంటింట్లో కాదమ్మా. నా వల్ల.

అప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. మౌలాలిలో మనది రెండు గదుల ఇల్లు. డ్యూటీ నుంచి వచ్చాక వీధిలోవాళ్ల టీవీలు ఇంట్లోనే బాగుచేసేదాన్ని. ఒకరోజు పక్కింటివాళ్ల కలర్ టీవీ వచ్చింది. అసలు ఉలుకూ పలుకూ లేదు. వెనక మూత తీసి చూస్తే సప్లై భాగంలో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని పక్కనే చార్జి దించడానికి 220 కిలో ఓమ్ రెసిస్టర్. ప్లగ్ తీసి మనసులోనే లెక్క వేశాను. 22 సెకన్లకి మూడో వంతుకి కాస్త పైన మిగులుతుంది, రెండు నిమిషాలకి ఏమీ ఉండదు. గోడ గడియారం చూసి రెండు నిమిషాలు ఆగాను. ఆలోగా పొయ్యి మీద టీ కూడా దించి వచ్చాను. "తమ్ముడూ, ఈ బోర్డు కాస్త నిలబెట్టి పట్టుకో" అన్నాను.

వాడి బొటనవేలు కెపాసిటర్ ఒక కాలు మీద, చూపుడువేలు రెండో కాలు మీద పడ్డాయి. చిన్న కేక వినిపించింది. చెయ్యి విదిలించుకునేసరికి మణికట్టు వెళ్లి వేడిగా ఉన్న ఐరన్‌కి తగిలింది. మీ నాయనమ్మ పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వాడు పడుకున్నాక ఆ రెసిస్టర్ ఊడదీసి మీటర్ పెట్టాను. ఎరుపు, ఎరుపు, పసుపు పట్టీలు కొత్తదానిలా మెరుస్తున్నాయి. ఎక్కడా మాడలేదు. లోపల మాత్రం ఓపెన్, అంటే దారి తెగిపోయింది. నా లెక్క తప్పలేదు చిన్నీ. లెక్కలో ఉన్న రెసిస్టర్ బోర్డు మీద పనిచేయడం లేదు, అంతే. పైగా పనిచేసే టీవీ అయితే ప్లగ్ తీశాక కూడా మిగిలిన చార్జిని అదే తాగేస్తుంది. చచ్చిపోయిన సెట్‌లో తాగేవాళ్లే ఉండరు. నీ బల్ల మీదికి వచ్చేవన్నీ చచ్చిన బోర్డులే కదా!

రెండు కాళ్లూ ఒకే చేతికి తగలడం మన అదృష్టం. ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి తగిలి ఉంటే దారి గుండె మీదుగా ఉండేది. ఆ మాట అనుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. టీవీలో ఉన్నది 100 మైక్రోఫారడ్. నీ ఏసీ బోర్డుల్లో రెండు మూడు కలిసి వెయ్యి దాటడం మామూలే.

అందుకే చెబుతున్నాను, టైమ్‌ని నమ్మకు, లెక్కని నమ్మకు. 10 వాట్ల 2 కిలో ఓమ్ వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి రెండు పక్కలా మంచి ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్‌లు కట్టుకో. వాటిని కెపాసిటర్ రెండు కాళ్లకీ పావు నిమిషం కంటే ఎక్కువసేపు ఆనించి ఉంచు, ఆ తర్వాత మీటర్‌లో చూడు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్లు ఉంటారు, ఠప్పుమని నిప్పురవ్వ వస్తే గొప్పగా నవ్వుతారు. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే షాపుకొచ్చి అందరి ముందూ తిడతాను.

కాయిల్ కెపాసిటర్‌కి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అది కరెంట్‌ని చటుక్కున ఆపనివ్వదు. ఆపబోతే వోల్టేజ్‌ని ఎంతకైనా లేపుతుంది. పాత ట్యూబ్‌లైట్‌లో స్టార్టర్ విడివడగానే చోక్ అనే కాయిల్ కొట్టే దెబ్బకే ట్యూబ్ వెలిగేది. రిలే, అంటే కరెంట్‌తో పడే స్విచ్, దాని కాయిల్‌కి అడ్డంగా ఉన్న చిన్న డయోడ్ ఆ దెబ్బ కాయడానికే. పోతే తప్పకుండా మార్చు, పట్టీ ఉన్న వైపు ప్లస్‌కి రావాలి. లేకపోతే నువ్వు వేసిన కొత్త ట్రాన్సిస్టర్ కూడా పోతుంది.

బోర్డు మీద గ్రౌండ్ అని రాసి ఉన్నా, ఏసీ బోర్డులో అది మన ఇంటి ఎర్త్ కాదు. ముట్టుకోకు. బల్ల దగ్గర కూర్చునే ముందు గాజులు తీసి డ్రాయర్లో పెట్టు. మీ అమ్మ ఒట్టి చేతులేంటని గొడవ చేస్తుంది, నేను మాట్లాడతాను. సప్లై ఆన్‌లో ఉన్నప్పుడు షాపులో ఒంటరిగా ఉండకు. రాత్రి అర్జెంట్ అని ఎవరు బతిమాలినా సరే.

సిరీస్ బల్బు బోర్డు, అంటే సప్లై బల్బు గుండానే వెళ్లేలా కట్టిన బోర్డు, మాత్రం కొనకు. నేనే కట్టి తెస్తాను. ఏసీ బోర్డుకి దాని గుండా సప్లై ఇవ్వగానే 100 వాట్ల బల్బు ఒక్కసారి భగ్గుమని తగ్గిపోతే కెపాసిటర్ నిండిందని అర్థం. అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్ట్. ఆ వెలుగు తగ్గడం నీ పక్కన నిలబడి చూడాలని ఉంది నాకు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి హోల్డర్, వైరు తీసుకుని ఆదివారం పొద్దున్నే వస్తాను. నా పాత మీటర్‌కి ప్రోబ్‌లు కొత్తవి వేయించాను, అదీ తెస్తాను. నేను వచ్చేదాకా ఏ బోర్డూ విప్పకు.

మీ అత్త