డాక్యుమెంటేషన్ చేస్తే ఉద్యోగం వస్తుందా సార్?

ప్రశ్న: సార్, నేను బీటెక్ సీఎస్ఈ థర్డ్ ఇయర్, మాది భీమవరం దగ్గర. మినీ ప్రాజెక్ట్‌లో మేం నలుగురం, కోడింగ్ అంతా మిగతా ముగ్గురూ తీసేసుకుని డాక్యుమెంటేషన్ నాకు అంటగట్టారు. రాసిన డాక్యుమెంటేషన్‌ని వెబ్ పేజీలుగా మార్చే స్ఫింక్స్ అనే టూల్ నేర్చుకుని, ఆ పేజీలు గిట్‌హబ్ వాళ్ల వెబ్‌సైట్ సర్వీస్ గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాను, లింక్ పంపుతున్నాను. నాకైతే ఈ పని చాలా నచ్చింది. ఫ్రెండ్సేమో రికార్డు రాసే పని అని నవ్వుతున్నారు, నాన్నగారు సెలవుల్లో అమీర్‌పేట వెళ్లి జావా ఫుల్ స్టాక్ చెయ్యమంటున్నారు. ఈ లైన్‌లో ఉద్యోగాలుంటాయా?

జవాబు: రికార్డు రాసే పని అన్నారా, బాగుంది. ల్యాబ్ రికార్డు సీనియర్ది చూసి దించేస్తాం, సంతకం పడ్డాక దాన్ని ఎవడూ తెరవడు. నీ పేజీని మాత్రం ముక్కూ మొహం తెలియనివాడు ఎవడో రాత్రి పన్నెండింటికి ఎర్రర్ వచ్చి తల పట్టుకుని తెరుస్తాడమ్మా, రెండూ ఒకటెలా అవుతాయి.

సరే, లింక్ తెరిచా. రంగుల్లేవు, మెనూ లేదు, తెల్ల కాగితం మీద నల్లక్షరాలు, నీలం లింకులు, అంతే. నీ లాప్‌టాప్‌లో మాత్రం చక్కగా వచ్చి ఉంటుంది, అవునా? ఎందుకంటే స్ఫింక్స్ తన సీఎస్ఎస్, అంటే పేజీకి రంగులూ రూపం ఇచ్చే ఫైళ్లు, అంతా అండర్‌స్కోర్‌తో మొదలయ్యే స్టాటిక్ ఫోల్డర్‌లో పెడుతుంది, గిట్‌హబ్ పేజెస్‌లో బ్రాంచ్ నుంచి పబ్లిష్ చేస్తే మధ్యలో జెకిల్ అనే ఇంకో టూల్ నడుస్తుంది, దానికి అండర్‌స్కోర్ ఫోల్డర్లు కంటికి ఆనవు, వదిలేస్తుంది. మందు చిన్నదే. ముందు చుక్క పెట్టి నోజెకిల్ అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు సైట్ రూట్‌లో పడెయ్, లోపల అక్షరం ముక్క అక్కర్లేదు. లేదంటే స్ఫింక్స్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫ్ ఫైల్లో ఎక్స్‌టెన్షన్స్ లిస్టులో గిట్‌హబ్ పేజెస్ ఎక్స్‌టెన్షన్ చేర్చు, బిల్డ్ చేసినప్పుడల్లా ఆ ఫైలు అదే పెట్టేస్తుంది. ఇంటర్వ్యూలో నీకు వచ్చిన ప్రాబ్లమ్ ఒకటి చెప్పు అంటే ఇదే చెప్పు, కోడింగ్ తీసుకున్న ఆ ముగ్గురిలో ఎంతమంది దగ్గర ఇలా సొంతంగా తగిలి, విప్పుకున్న ముడి ఉంటుందో నాకైతే డౌటే.

రంగులు వచ్చాక థీమ్ మార్చుకో, లోగో పెట్టుకో, ఫాంట్ నచ్చకపోతే సొంత సీఎస్ఎస్ ఫైల్ ఒకటి రాసి కాన్ఫ్‌లో దాని పేరిస్తే చాలు. కానీ ఒక సాయంత్రం కంటే దాని మీద కూర్చోకు. అసలు గొడవ నీ మొదటి పేజీలో ఉంది, అబ్‌స్ట్రాక్ట్, ఆబ్జెక్టివ్స్, హెచ్‌ఓడీ గారికి కృతజ్ఞతలు, ఇదంతా ప్రాజెక్ట్ రిపోర్ట్‌లోంచి ఎత్తి పెట్టేశావు కదా? వచ్చినవాడికి ఇన్‌స్టాల్ కమాండ్ కావాలి, అది నాలుగో పేజీలో దాక్కుంది. దాన్ని ముందుకు తెచ్చి, ఈసీఈ ఫ్రెండ్‌ని ఎవరినైనా కూర్చోబెట్టి పేజీ చూసి చెయ్యమను, నువ్వు పక్కన నోరు మూసుకుని చూడు, వాళ్లు ఎక్కడ ఆగి నీ మొహం వైపు చూస్తే అక్కడ రాసింది సరిపోలేదన్నమాట. ఏఐ రాసేస్తుంది కదా అంటారు, పేరాలు రాస్తుంది, కాదనను, ఆ కమాండ్ కొత్త విండోస్ లాప్‌టాప్‌లో నిజంగా పనిచేస్తుందా లేదా అని చూసి బాధ్యత తీసుకునేది మనిషే.

ఇక ఉద్యోగాలు. టెక్నికల్ రైటర్, డాక్యుమెంటేషన్ ఇంజనీర్ అనే పేర్లతో హైదరాబాద్, బెంగళూరు ప్రోడక్ట్ కంపెనీల్లో ఉంటాయి. కానీ డెవలపర్ పోస్టులతో పోలిస్తే తక్కువ, ఫ్రెషర్స్‌కి ఇంకా తక్కువ, క్యాంపస్‌కి వచ్చి అడిగేవాళ్లు అరుదు. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను, నాన్నగారితో గొడవ అసలే పెట్టుకోకు. ఆ ఫుల్ స్టాక్ కోర్సులో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ కూడా ఉందో లేదో కనుక్కుని చేరు. మెటా వాళ్ల డాక్యుసారస్ అని ఇలాంటి డాక్యుమెంటేషన్ టూలే ఇంకొకటుంది, అది నడిచేది రియాక్ట్ మీదే, అంటే ఆయన డబ్బు కట్టే కోర్సు నీ ఇష్టానికే పనికొస్తుందన్నమాట, ఆయనకి ఆ మాట చెప్పాలా వద్దా నీ ఇష్టం.

స్ఫింక్స్ కూడా పిల్లలాట కాదు, పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసమే పుట్టింది, 2008 నుంచి ఆ డాక్యుమెంటేషన్ స్ఫింక్స్ మీదే ఉంది, లైనక్స్ కెర్నల్ వాళ్లు 2016లో దీనికి మారారు. అంతంత పెద్దవి వద్దులే, నువ్వు రోజూ వాడే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఏదో ఒకటి తీసుకో, దాని ఇన్‌స్టాల్ పేజీలో చెప్పినట్టు చేసుకుంటూ వెళ్తే ఎక్కడో ఒక చోట పాత స్టెప్పు దొరకొచ్చు, సరిచేసి, ఆ మార్పు తీసుకోమని వాళ్లకి పుల్ రిక్వెస్ట్ పంపు. అలాంటివి మూడు నాలుగు వాళ్లు ఒప్పుకుని మెర్జ్ చేసుకుంటే రెజ్యూమెలో డాక్యుమెంటేషన్ అని పొడిగా రాయక్కర్లేదు, ఆ లింకులే పెట్టెయ్.

ముందు ఆ ఖాళీ ఫైలు పెట్టి లింక్ మళ్లీ పంపమ్మా. ఈసారి ఫోన్‌లో తెరుస్తా, రెండో పేజీలో ఆ ఎనిమిది కాలమ్‌ల టేబుల్ చిన్న స్క్రీన్ మీద సగం పక్కకి పోతుందని నా అనుమానం.