మార్చిలో పాండవుల గుట్టలు: రోజంతా కాదు, పొద్దున పూటే

వరంగల్ దగ్గర మార్చిలో ఒక్కరోజులో ఎక్కి దిగొచ్చే గుట్ట ఏదైనా చెప్పండి, ఇద్దరు పిల్లలు, అరవై దాటిన అమ్మ కూడా వస్తారు అని అడిగారు. నేనైతే రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకే పొమ్మంటాను. కాకపోతే రోజంతా అక్కడే గడపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఎంత ఎక్కినా పదిన్నరకల్లా దిగడం మొదలుపెట్టాలి. ఈ సంగతి నాకు అరచెయ్యి కాలాక తెలిసింది.

మొదటిసారి నేను, మా తమ్ముడు, మా అక్క బిడ్డ పోయాం. హనుమకొండలో తీరిగ్గా టిఫిన్ చేసి, పరకాలలో చాయ్‌కి ఆగి, గుట్ట కిందికి చేరేసరికి పదకొండైంది. ఎక్కేటప్పుడు హుషారులో ఏమీ తెలియలేదు. దిగేటప్పుడు ఒక బండ మీది నుంచి జారాల్సిన చోట ఊతానికని చెయ్యి ఆనించాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. పిల్ల చెప్పులేసుకొచ్చింది. ఎండుటాకుల కింద రాళ్లు కనపడక రెండుసార్లు కూలబడింది. ముగ్గురికీ కలిపి తెచ్చుకున్న రెండు లీటర్ల నీళ్లు పైనే అయిపోయాయి. గంటలో దిగాల్సిన దారికి రెండు గంటలు పట్టింది. కిందికొచ్చాక ఎవరం ఎవరితో మాట్లాడుకోలేదు.

అవి ఇసుకరాతి గుట్టలు. చుట్టూ ఉన్నది ఆకు రాల్చే అడవి. ఫాల్గుణం వచ్చేసరికి సగం చెట్లు మోడులే, ఇక నీడ ఎక్కడిది? ఎండంతా నేరుగా బండ మీదే పడుతుంది. వర్షాలు తగ్గాక పోతే ఇదే దారి వేరేలా ఉంటుంది కానీ, మీరు అడిగింది మార్చి.

మార్చిలో పోవడానికి కారణం లేకపోలేదు. మరుసటి ఏడు ఐదింటికే బయలుదేరాం. పరకాల దాటాక తెల్లవారింది. పొలాల గట్ల మీద మోదుగులు ఒక్క ఆకు లేకుండా విరగబూసి ఉన్నాయి. గుట్ట కింద ఇప్పచెట్టు దగ్గర ఒక ముసలామె బుట్టలోకి పూలు ఏరుతోంది. ఇప్పపువ్వు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలుతుంది, ఎండెక్కితే కమిలిపోతుంది. ఆమె ఒకటి చేతిలో పెట్టింది. చిన్న బుడగలా, మీగడ రంగులో ఉంది. నొక్కితే తేమగా, నోట్లో వేసుకుంటే ముందు తియ్యగా, వెనక కొంచెం మత్తు వాసన. పదకొండింటికి వచ్చినవాళ్లకు ఇదేదీ దొరకదు. అలాగని చీకట్లో మాత్రం అడవిలోకి దిగకండి. ఈ పూలంటే ఎలుగుబంట్లకు కూడా ఇష్టమే.

పైన చూడాల్సింది శిఖరం కాదు, బండల కింద వేసిన బొమ్మలు. 1990లో వెలుగులోకి వచ్చాయి. జేగురు రంగులో అడవిదున్నలు, జింకలు, విల్లంబులు, వలయాలు, చదరాలు. బండ ముందుకు చూరులా పొడుచుకొచ్చిన చోట్లే ఇవి మిగిలాయి. వాన, ఎండ నేరుగా తగలవు మరి. ఒకచోట నాకు ముందు గోడే కనిపించింది, తుప్పు మరకేమో అనుకున్నా. ఓ నిమిషం చూస్తూ నిలబడితే మరకకు కొమ్ములొచ్చాయి, తర్వాత కాళ్లొచ్చాయి. పిల్లలకు చెప్పేయకుండా వాళ్లనే వెతకనివ్వండి. ఫొటోలో రంగు బాగా రావాలని కొందరు వాటి మీద నీళ్లు చల్లుతారు, దయచేసి ఆ పని చేయకండి, ముట్టుకోకండి కూడా. అక్కడి గుట్టల్లో ఒకదాని పేరు గొంతెమ్మ గుట్ట. అన్నీ ఒక్క పూటలోనే చూసేయాలనుకుంటే అది గొంతెమ్మ కోరికే అవుతుంది. రెండు మూడు చోట్లు చాలు.

తేనెతుట్టెల సంగతి మర్చిపోయేవాణ్ని. ఎత్తు బండలకు పెద్ద తుట్టెలు వేలాడుతుంటాయి. మా తమ్ముడు పొద్దున్నే సెంటు కొట్టుకొచ్చాడు. దారిలో ఎదురైన గొర్లకాపరి దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చి, "గీ వాసనతోని ఆ బండల కిందికి పోకుండ్రి బిడ్డా, ఈగలు లేస్తయి" అన్నాడు. తమ్ముడు అంగీ విప్పి సంచిలో కుక్కి, బనీనుతోనే ఎక్కాడు. సెంటు, పొగ, అరుపులు, మూడూ వద్దు.

అమ్మగారి విషయానికొస్తే, పైదాకా తీసుకుపోవద్దనే నా సలహా. మోకాళ్లు బాగున్నా సరే, బండల మధ్య చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లున్నాయి. కింద చదునుగా ఉన్నంత మేర మీతో నడిపించి, ఒకరు తోడుండి నీడన కూర్చోబెట్టండి. దిగాక రేగొండ దగ్గరే కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి గుడికి తీసుకెళ్తే ఆమెకూ తృప్తిగా ఉంటుంది. హనుమకొండ నుంచి గుట్టలదాకా దాదాపు యాభై కిలోమీటర్లు. భూపాలపల్లి బస్సులు పరకాల, రేగొండ మీదుగానే పోతాయి, కానీ రేగొండ నుంచి ఆటో మాట్లాడుకోవాలి. పిల్లలతో కాబట్టి సొంత బండే మేలు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అందరికీ బూట్లు. సద్దికి మేం సర్వపిండి పట్టుకుపోతాం, ఎండకు పాడవదు, చేతిలో పట్టుకునే తినొచ్చు. పెరుగన్నం మాత్రం కింద అమ్మగారి దగ్గరే ఉంచండి. దిగొచ్చాక దాని రుచే వేరు. ఇంకొకటి, కొడవటంచ జాతర హోలీ పున్నమి రోజుల్లోనే వస్తుంది. అప్పుడు ఆ రోడ్డంతా జనం, బండ్లు. క్యాలెండర్ చూసి ఓ వారం అటో ఇటో పెట్టుకోండి.