గుర్రానికి బూటు కరుస్తోంది

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా కిన్వట్. లోహా తాలూకాలోని మాలెగావ్ ఖండోబా జాతరలో కొన్న ఆడగుర్రం మా ఇంట మూడేళ్లుగా ఉంది. సహస్రకుండ్ వైపు అడవి బాటలో రాళ్లు గుచ్చుకుని కుంటుతోందని, లాడాలు కొట్టించడం ఇష్టం లేక పుణె నుంచి రబ్బరు బూట్లు తెప్పించాను. గిట్టను కాగితంపై పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి ఆ కొలత పంపాను. ఎనిమిది కిలోమీటర్లు నడిచేసరికి ముందరి ఎడమకాలి మడమ పైన వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. పాత మేజోడు చుట్టి, పట్టీ ఇంకా బిగించి చూశాను, పుండు పెద్దదైంది. మరింత మందమైన మెత్త వేయాలా, బూట్లే మానేయాలా?

— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ పుండు సంగతి చూడండి. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండా ఒత్తి, ఈగలు వాలకుండా కాపాడండి. చర్మం పూర్తిగా మాని కొత్త వెంట్రుకలు వచ్చేదాకా ఆ కాలికి బూటు తొడగవద్దు. ధనుర్వాతం గుర్రాలకు ఎంతో సులభంగా సోకే జబ్బు, చిన్న గాయం చాలు. టీకా ఎప్పుడు వేయించారో గుర్తు లేకపోతే పశువైద్యుణ్ణి ఈరోజే అడగండి. వాపు, వేడి, కుంటు ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు.

ఇక బూటు విషయం. కొత్త చెప్పు కరిస్తే మనం దూది పెట్టుకుంటాం కాబట్టి మీకూ మెత్త వేయాలనే తోచింది. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆ పుండు గరుకుదనం వల్ల కాక కదలిక వల్ల వచ్చినట్టుంది. బూటు గిట్టకంటే పెద్దదైనప్పుడు అడుగు పడ్డ ప్రతిసారీ అది కొద్దిగా తిరిగి, వెనక అంచు పైకి కిందికి జారుతూ మడమ బుడిపెలను రాస్తుంది. పట్టీ బిగిస్తే ఆ కదలిక ఆగదు, రాపిడి ఇంకా గట్టిగా తగులుతుంది. మేజోడు తడిసి ముడతపడితే మరో అంచు తయారైనట్టే.

పొరపాటు కాగితం దగ్గరే మొదలై ఉంటుంది. గిట్ట గోడ, అంటే బయటి గట్టి పొర, చుట్టూ గీసేటప్పుడు గీత అసలు అంచుకు అవతల పడవచ్చు. అంతకంటే పెద్ద తప్పు, చాలామంది చేసేది, పొడవును వెనక ఉబ్బుగా కనిపించే మెత్తటి బుడిపెల దాకా కొలవడం. గిట్టను ఎత్తి పట్టుకుని, అడుగుభాగం మీదే ఉక్కు స్కేలుతో కొలవాలి: వెడల్పు అత్యధికంగా ఉన్నచోట అడ్డంగా ఒకసారి, ముందరి కొన నుంచి మడమ గోడ నేలను ఆనే చివరి బిందువు దాకా నిలువుగా ఒకసారి. మిల్లీమీటర్లలోనే రాసుకోండి. ఎడమ, కుడి గిట్టలు ఒకే కొలతలో ఉంటాయని అనుకోవద్దు. వెనకవి సాధారణంగా ముందరివాటికంటే సన్నగా ఉంటాయి.

కొలిచే రోజు కూడా ముఖ్యమే. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గిట్టలు చెక్కించి ఆరు వారాలైన తర్వాత తీసిన కొలతతో బూటు కొంటే, మళ్లీ చెక్కించగానే అది వదులవుతుంది. కాబట్టి నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టి గిట్టలు చెక్కే మనిషి, వచ్చి చెక్కిన రెండు మూడు రోజుల్లోపే కొలవండి, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చెక్కించండి. జాతరలో గుర్రం పళ్లు, నడక చూసేవాళ్లు ఎందరో ఉంటారు, గిట్ట ఎత్తి చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఈ ఒక్క అలవాటు మన ప్రాంతంలో పెరగాలని నాకు గట్టిగా ఉంది.

సరైన బూటు కొంచెం శ్రమపడితేనే ఎక్కుతుంది. తొడిగాక రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూడండి, తిరగకూడదు. గిట్ట పైనున్న సన్నని కాలి భాగానికి చుట్టే పట్టీ కింద ఒక వేలు దూరాలి. గిట్ట గోడ మీద నుంచి బూటు మీదికి సుద్దముక్కతో ఒకే నిలువు గీత గీసి, చదును నేల మీద పది నిమిషాలు నడిపించండి. గీత రెండుగా విడిపోయిందంటే ఆ బూటు అడవి బాటకు పనికిరాదు. విప్పాక మడమ మీది వెంట్రుకలను దగ్గరగా చూడండి: చర్మం ఎర్రబడకముందే, అవి ఒకచోట ఎదురుతిరిగి విరిగినట్టు కనిపిస్తాయి. ఆ పూటకు అక్కడితో ఆపేయండి.

మొదటివారం పదిహేను, ఇరవై నిమిషాలకు మించవద్దు. తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. పెన్‌గంగ ఇసుకలో దిగినా, వానాకాలం నల్లరేగడిలో నడిచినా, ఒడ్డు చేరగానే బూట్లు విప్పి కడగాలి, ఎందుకంటే నానిన చర్మాన్ని ఇసుక గరుకుకాగితంలా గీరుతుంది. రాత్రి కొట్టంలో బూట్లు ఉంచవద్దు.

బూట్లు మానేయవలసిన అవసరం నాకు కనబడడం లేదు. కుడి గిట్టకు ఇప్పుడున్నది సుద్దగీత పరీక్షలో నిలిస్తే దాన్నే ఉంచుకుని, ఎడమదానికి మాత్రం కొత్త కొలత పంపండి. కొన్ని కంపెనీలు ఒక్కో బూటును విడిగా కూడా అమ్ముతాయి.